ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానము దిగి, పిల్లలతో కొలోన్‌కు

దూరదేశమునకు పిల్లలను వెంటబెట్టుకొని పోవు తల్లిదండ్రులు తమ సన్నాహమంతయు విమానమునకే వెచ్చింతురు. పాస్‌పోర్టులు, వీసాలు, పెట్టెల తూకము, చంటిబిడ్డకు పాలసీసా, పెద్దవానికి బొమ్మల పుస్తకము, ఇవన్నియు ఎంతయో శ్రద్ధతో సమకూర్చుకొందురు గాని, విమానపు చక్రములు పరాయినేలను తాకిన పిమ్మట మిగిలియుండు దారిని గూర్చి, అది యెట్లో సాగిపోవునను నమ్మకముతో, ఆలోచనయే చేయరు. విమానాశ్రయమున్న ఊరిలోనే ఇల్లుండు భాగ్యము అందరికిని ఉండదు. ఉద్యోగములకై, చదువులకై జర్మనీ చేరిన మనవారిలో కొలోన్, బాన్, డ్యూసెల్‌డార్ఫ్, ఆహెన్ నగరములలో ఉన్నవారు అనేకులు. వారి ఇండ్లకు పోవలెనన్న ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి అచ్చటనే రైలెక్కుట అన్నిటికంటె సుగమమైన త్రోవ. 2024 జనవరిలో లుఫ్తాన్సావారు హైదరాబాదునుండి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా విమానము నడుప నారంభించినది మొదలు ఈ త్రోవ తెలుగు కుటుంబములకు మరింత పరిచితమగుచున్నది.

ఈ త్రోవలో రైలులో గడపు కాలము ఇంచుమించు ఒక గంట మాత్రమే. రాత్రియంతయు ఆకాశములో గడపి వచ్చినవారికి ఈ గంట ఒక లెక్కయా యని తోచును. కాని పిల్లలతో పోవువారికి కష్టము ఆ గంటలో లేదు. విమానపు తలుపు తెరచినది మొదలు రైలు తలుపు మూసికొనువరకు గడచు కాలములో ఉన్నది. నిద్ర చాలని పసివాడు, నడువనని కూర్చుండిపోయిన ఆడపిల్ల, రాని పెట్టె, కనబడని మరుగుదొడ్డి, అన్నియు ఆ నడిమికాలములోనే ఒకదానిమీద నొకటి వచ్చిపడును. రైలు తప్పిపోవునను భయము వీటికి తోడైనచో, పెద్దలు పిల్లలను కసరుకొనుట, పిల్లలు ఏడ్చుట, ఏడ్చిన పిల్లలను చూచి పెద్దలు మరింత కలతపడుట తప్పదు. కనుక వేగముగల రైలును, చౌకయైన ధరను వెదకుటకంటె ముందు, తొందరపడ నక్కరలేని రైలును వెదకుకొనవలెనని నా నిశ్చితాభిప్రాయము. పిల్లలవారు టిక్కెట్టుతో పాటు కొనవలసినది తీరిక.

ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయములో రైల్వేస్టేషన్లు రెండు కలవు. ఈ సంగతి ఎరుగనివారు మొదటి అడుగులోనే దారి తప్పుదురు. 1972లో తెరచిన పాత స్టేషను మొదటి టెర్మినలు క్రింద, భూమిలోపల ఉన్నది. 1 మొదలు 3 వరకు ప్లాట్‌ఫారములు దానివి. నగరములోనికిని, చుట్టుపట్ల ఊళ్లకును పోవు రైళ్లు అచ్చట ఆగును. దూరప్రయాణపు రైళ్లకై వేరొక స్టేషను 1999 మే నెలలో తెరచిరి. 4 మొదలు 7 వరకు ప్లాట్‌ఫారములు దీనివి. కొలోన్ పోవు ఐసీఈ అను వేగపు రైళ్లు ఆగునది ఇచ్చటనే. దారి చూపు పలకలపై దీని పేరు 'ఫెర్న్‌బాన్‌హోఫ్' అని యుండును. మొదటి టెర్మినలునుండి కప్పుగల వంతెనమీదుగా నడచియే దీనిని చేరవచ్చును. పట్టాలపై స్తంభములెత్తి కట్టిన 660 మీటర్ల పొడవైన భవనమొకటి స్టేషను నెత్తిన నిలిచియున్నది గనుక, వానలోగాని మంచులోగాని పిల్లలతో బయటికి రావలసిన పనియే లేదు. లుఫ్తాన్సా విమానములు మొదటి టెర్మినలుకే వచ్చును. వేరొక టెర్మినలులో దిగినవారు మాత్రము టెర్మినళ్ల నడుమ తిరుగు చిన్న రైలునో బస్సునో ఎక్కి మొదటిదానికి రావలెను; వారు లెక్కలో ఇంకొక అరగంట చేర్చుకొనుట మంచిది.

మన దేశములో ఇట్టి వసతి అరుదు. చెన్నై విమానాశ్రయమునకు ఎదుటనే తిరుసూలము స్టేషనున్నది గాని అది లోకలు రైళ్లది. నెల్లూరు పోవలసిన కుటుంబము అచ్చట లోకలెక్కి, పార్కు స్టేషనులో దిగి, పిల్లలను, పెట్టెలను నడిపించుకొనుచు సెంట్రలుకు పోయి మరల రైలెక్కవలెను. దూరపురైలు విమానాశ్రయపు గడపలోనికే వచ్చి ఆగుట యెంతటి ఉపకారమో, ఆ మెట్లెక్కి దిగిన తల్లులకే తెలియును.

విమానమునకు రైలును జతచేయు యత్నము జర్మనీలో నేటిది కాదు. 1982లో లుఫ్తాన్సావారు ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయమునకును డ్యూసెల్‌డార్ఫ్‌నకును నడుమ, బాన్, కొలోన్ నగరములమీదుగా, తమ పేరనే యొక రైలు నడపిరి. విమానములకువలె దానికి సంఖ్యలుండెడివి. కూర్చున్న చోటికే భోజనము వచ్చెడిది. కిటికీవెంట రైన్ నది పారుచుండెడిది. 1993లో ఆ రైలు ఆగిపోయినది. తరువాత 2002 ఆగస్టులో ఫ్రాంక్‌ఫర్ట్, కొలోన్ల నడుమ గంటకు 300 కిలోమీటర్ల వేగమున కనువైన కొత్తమార్గము తెరువబడగా, 2007లో ఆ రెండు నగరముల నడుమ విమానములను నడుపుటయే లుఫ్తాన్సా మానివేసినది. నేడు హైదరాబాదులో కొన్న విమానపు టిక్కెట్టులోనే కొలోన్ ప్రధాన స్టేషనువరకు రైలుప్రయాణమును చేర్చుకొనవచ్చును. విమానాశ్రయములకువలె ఆ రైల్వేస్టేషనుకును క్యూకేఎల్ అను మూడక్షరముల సంకేతము కలదు.

పిల్లలవారికి ఈ జంటటిక్కెట్టే మొదట విచారింపదగినది. ఏలయన విమానము ఆలస్యమై రైలు తప్పినచో తరువాతి రైలులో చోటు చూపు బాధ్యత విమానసంస్థదే యగును. దానికి తరువాత చెప్పదగినది 'రైల్ అండ్ ఫ్లై' అను టిక్కెట్టు. దీనిని కూడ విమానసంస్థద్వారానే తీసికొనవలెను. దిగిన దినముననైనను మరునాడైనను ఏ రైలైనను ఎక్కవచ్చును. ఇవి దొరకనివారు రైల్వేవారివద్ద విడిగా కొనుక్కొందురు. అందు 'స్పార్‌ప్రైస్' అనునది చౌక. ముందుగా కొన్నకొలది ఇంకను చౌక. కాని అది పేర్కొన్న రైలుకే కట్టుబడియుండును. విమానము ఆలస్యమైనదని యెంత మొరపెట్టుకొన్నను, విడిగా కొన్న ఆ టిక్కెట్టు మరియొక రైలులో చెల్లదు. 'ఫ్లెక్స్‌ప్రైస్' అనునది ప్రియమైనదే గాని, ఆనాడు ఆ దారిని పోవు ఏ రైలులోనైనను చెల్లును. పగటిపూట విమానాశ్రయమునుండి కొలోన్‌కు రైళ్లు తరచుగనే యుండును గనుక, ఫ్లెక్స్‌ప్రైస్ చేతనున్న తల్లి గడియారము వంక చూడకుండ బిడ్డకు పాలు పట్టగలదు. ఆ ఎక్కువ ధరను దుబారాగా నేనెంచను. చౌకటిక్కెట్టు తప్పదనుకొన్నవారు విమానము దిగు వేళకును రైలు వేళకును నడుమ రెండున్నర గంటలకు తక్కువ కాకుండ విడువవలెను.

రైలు సమయమునకు వచ్చునా యను సందేహమును ఇచ్చటనే తీర్చుకొనవలెను. జర్మను రైళ్లు గడియారము తప్పవను మాట మనలో బాగుగా వ్యాపించియున్నది. నేటి స్థితి అది కాదు. 2024లో అచ్చటి దూరప్రయాణపు రైళ్లలో వేళకు వచ్చినవి నూటికి 62.5 మాత్రమే; అందును ఆరు నిమిషములలోపు ఆలస్యమును ఆలస్యముగా ఎంచనే యెంచరు. అయితే ప్రయాణికునికి కొంత రక్షణ కలదు. రైలు ఆలస్యమువలన గమ్యము చేరుట ఇరువది నిమిషములు, అంతకు మించియు జాగగునని తేలినచో, చౌకటిక్కెట్టుకు గల కట్టుబాటు తొలగిపోవును, వేరొక రైలెక్కవచ్చును. గంట ఆలస్యమైనచో ధరలో నాలుగవవంతు, రెండు గంటలైనచో సగము తిరిగి యిత్తురు.

పిల్లల ధర విషయమున అచ్చటి నియమము ఉదారమైనది. ఆరేండ్లలోపువారికి టిక్కెట్టే అక్కరలేదు. ఆరు మొదలు పదునాలుగేండ్లవరకు గలవారు తల్లిదండ్రులతోగాని, తాత అమ్మమ్మలతోగాని పోవునపుడు ఉచితముగనే పోవుదురు; కాని టిక్కెట్టు కొనునపుడే వారి సంఖ్యను అందు వ్రాయించవలెను. మన దేశములో ఐదేండ్లు నిండినవారికి బెర్తు కావలెనన్నచో 2016 ఏప్రిల్ మొదలు పూర్తి ధర చెల్లించుచున్నాము గదా. ఆ అలవాటుగలవారికి ఇది ఆశ్చర్యముగనే తోచును. అయితే ఉచితముగా పోవుట వేరు, కూర్చుండుటకు చోటుండుట వేరు. అచ్చట టిక్కెట్టులో ఆసనము చేరియుండదు. రిజర్వేషనుకు వేరుగా రుసుము చెల్లించవలెను. కుటుంబమంతటికిని కలిపి తక్కువ రుసుముతో నిచ్చెడి రిజర్వేషనును 2025 జూన్‌లో ఎత్తివేసిరి. ఇపుడు పిల్లవానికి ఆసనము కావలెనన్న పెద్దవానితో సమానముగా రుసుము పెట్టవలసినదే. పిల్లలకు ధర లేదనిపించి, కూర్చుండుటకు మాత్రము రుసుమడుగుట నాకు న్యాయముగా తోచలేదు. తోచకపోయినను, ఆ రుసుము పెట్టి ఆసనములు తీసికొనుడనియే నా సలహా. మూడు పెట్టెలతో, నిద్రమొగపు బిడ్డతో, ఖాళీచోటు వెదకుచు బోగీవెంట బోగీ తిరుగుట ఎవరికిని వలదు.

రిజర్వేషను చేయునపుడు ఐసీఈలో పిల్లలకై ఏర్పరచిన చోట్లను అడుగవచ్చును. చంటిపిల్లలవారికి తలుపుగల చిన్న గది యొకటి యుండును. అందు పిల్లలబండి నిలుపుకొనుటకును, బిడ్డ నేలపై ఆడుకొనుటకును వీలుండును. ఆసనములు కొద్ది గనుక ముందుగా తీసికొననిదే దొరకవు. కొంచెము పెద్ద పిల్లలుగల కుటుంబములకై బోగీలో ఒక భాగమును విడిగా ఉంచిరి. అచ్చట పిల్లలు గట్టిగా మాటలాడినను వెనుదిరిగి చూచువారుండరు. నిశ్శబ్దముగా నుండవలసిన భాగమొకటి కలదు. పొరపాటునను పిల్లలతో దానిలో చోటు తీసికొనరాదు.

ఇక దిగిన తరువాతి సంగతి. పాస్‌పోర్టు తనిఖీవద్ద మనవారు ఐరోపావారి వరుసలోగాక వేరు వరుసలో నిలువవలెను. అది యెంతసేపు పట్టునో ముందుగా చెప్పుట ఎవరితరమును కాదు. 2025 అక్టోబరులో ఆరంభమైన కొత్తపద్ధతిననుసరించి సందర్శకుల ఫొటోను, వేలిముద్రలను యంత్రములలో ఎక్కించుచున్నారు; పండ్రెండేండ్లలోపు పిల్లలకు వేలిముద్రలు తీయరు. వరుసలో చేరుటకు ముందే పిల్లలను మరుగుదొడ్డికి తీసికొనిపోవుట మరువరాదు. పెట్టెలు వచ్చిన పిదప ట్రాలీపై పెట్టుకొని, ఎస్కలేటర్లను విడిచి, లిఫ్టులలోనే పోవలెను. ఒక చేత ట్రాలీ, ఒక చేత బిడ్డ యున్నపుడు ఎస్కలేటరు నమ్మదగినది కాదు.

ఆకలి విషయము తల్లులకు వేరుగా చెప్పనక్కరలేదు గాని, ఒక చట్టమును మాత్రము చెప్పవలెను. ఐరోపా కూటమి వెలుపలినుండి వచ్చువారు మాంసమును, పాలతో చేసిన పదార్థములను తెచ్చుటకు వీలులేదు. అమ్మమ్మ ప్రేమతో కట్టియిచ్చిన పెరుగన్నము, పాలకోవ, నేతిసీసా కస్టమ్సువారి బల్లవద్దనే ఆగిపోవును. పసిపిల్లల పాలపొడికి పరిమితితో సడలింపు కలదు. విమానములో తినగా మిగిలిన పులిహోరకు అభ్యంతరము లేదు. స్టేషనులో బెంచీమీద కూర్చుండి, చల్లారిన ఆ పులిహోరను నాలుగు ముద్దలు పెట్టినచో, కొత్తదేశపు వాసనలకు ముఖము త్రిప్పుకొను పిల్లవాడు కూడ మారుమాటలాడక తినును. శీతకాలములో అచ్చటి గడియారము మనకంటె నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు వెనుక నుండును. అచ్చట ఉదయము ఏడు గంటలగునప్పటికి పిల్లవాని కడుపునకు మధ్యాహ్నము కావచ్చినది. అతడు ఫలహారము గాక అన్నము అడుగుట సహజమే.

ప్లాట్‌ఫారమువద్ద తెలిసికొనవలసిన మెలకువ యొకటి ఉన్నది. పొడవైన ఆ ప్లాట్‌ఫారమును అక్షరములతో భాగములుగా విభజించి పలకలు వ్రేలాడదీసిరి. మన టిక్కెట్టులోని బోగీ ఏ అక్షరమువద్ద ఆగునో తెరపై చూపుదురు. కొన్నివేళల రెండు రైళ్లను ఒకదానికొకటి తగిలించి నడుపుదురు. ఒకదానినుండి రెండవదానికి లోపలినుండి దారి యుండదు, ముందు స్టేషనులో విడిపోయి వేర్వేరు ఊళ్లకు పోవుటయు కలదు. కనుక ఏదో యొక తలుపున ఎక్కి లోపల నడచిపోదమను మన అలవాటు అచ్చట పనికిరాదు. నేను చూచిన యొక తెలుగుతల్లి ఈ పనిని మెచ్చుకొనదగిన రీతిని నెరవేర్చినది. ఆమె తన ఏడేండ్ల కుమార్తెకు పలకపై అక్షరమును చూపి, "అదిగో ఆ 'సి' కింద నిలబడు తల్లీ, నేను తమ్ముణ్ణి ఎత్తుకుంటాను, రైలు పూర్తిగా ఆగాక ముందు నువ్వెక్కు, ఎక్కి తలుపు దగ్గరే ఉండు" అని చెప్పినది. ఆ పిల్ల తన బాధ్యతను గుర్తించినదై, భుజమున సంచి సవరించుకొని, పలకనుండి కన్ను మరల్పక నిలిచినది. రైలు ఆగునది కొన్ని నిమిషములే. మొదట పెద్దబిడ్డ, తరువాత చంటివానితో తల్లి, తరువాత పెట్టెలు. ప్రక్కనున్న జర్మను యువకుడొకడు అడుగకయే పెట్టెలందించెను. పిల్లలకు ఏమి జరుగనున్నదో ముందుగా చెప్పినచో వారు మనకు భారము కారు, తోడగుదురు.

రైలు కదలిన పిదప కిటికీ తన పని తాను చేసికొనును. అడవి దాటి, మైన్ నది దాటి, టౌనస్ కొండలలో ప్రవేశించునప్పటికి తెరపై వేగము రెండువందలు దాటి మూడువందలకు చేరుచుండును. చదువనేర్చిన పిల్లలు ఆ అంకెను విడువక చూతురు. ఈ మార్గము మోటారురోడ్డు ప్రక్కనే కొండలనెక్కుచు దిగుచు పోవునట్లు కట్టబడినది. కొన్నిచోట్ల నూరు మీటర్లకు నాలుగు మీటర్లు ఎక్కవలసియుండుటచే, మామూలు రైళ్లు దీనిపై పోలేవు, శక్తిమంతములైన ఐసీఈ రైళ్లే పోగలవు. రోడ్డుమీద వేగముగా పోవుచున్న కార్లు ఒకటొకటిగా వెనుకబడుచుండగా, "అమ్మా, కార్లన్నీ వెనక్కి పోతున్నాయే!" అని పిల్లలు కేకవేయుట సహజము. సొరంగములనేకము, వాటిలో చొచ్చునపుడు చెవులు ఒకింత మూసికొనినట్లుండును, బిడ్డకు గ్రుక్కెడు నీరు త్రాగించిన సరిపోవును. లింబుర్గ్‌వద్ద లాన్ నదిని దాటునపుడు ఏడు శిఖరముల దేవాలయము క్షణమాత్రము కనబడును. మోంటబౌర్‌లో కొండమీద పసుపుపచ్చని కోట యున్నది. ఈ రెండిటిని ముందుగా చెప్పియుంచినచో, సొరంగమునకును సొరంగమునకును నడుమ వెదకుటకు పిల్లలకు పని దొరకును.

ఈ గంట ప్రయాణములో పిల్లలు నిద్రపోవుట సాధారణముగా చివరి ఇరువది నిమిషములలో! సీగ్‌బుర్గ్ స్టేషను వచ్చినదనిన కొలోన్ చేరువయైనదని గ్రహించి, బూట్లు తొడిగి, పెట్టెలను తలుపు దగ్గరకు చేర్చుకొనవలెను. అనేక రైళ్లు కొలోన్‌తో ఆగక ముందునకు పోవును. మరియు రైలు ఆగునది ప్రధాన స్టేషనులోనా, లేక రైన్ నదికి ఆవలియొడ్డున నున్న 'మెస్సె డాయిట్స్' స్టేషనులోనా యని టిక్కెట్టు చూచి తెలిసికొనవలెను. స్టేషనుకు ఎదురువచ్చు బంధువులకు కూడ ఆ పేరే చెప్పవలెను. డాయిట్స్‌లో దిగినవారు లోకలు రైలులో వంతెన దాటినచో తరువాతి స్టేషనే ప్రధాన స్టేషను. దాని గుమ్మమెదుటనే 1248లో మొదలిడి 1880లో ముగించిన కొలోన్ మహాదేవాలయము 157 మీటర్ల ఎత్తున నిలిచియుండును. అది ఎచ్చటికిని పోదు, పిల్లలు నిద్రలేచిన మరునాడు చూడవచ్చును.

కొత్తమార్గము కొండలలోనుండి పోవుటచే రైన్ నది కనబడదు. పాతమార్గము మైన్జ్, బింగెన్, కోబ్లెంజ్‌లమీదుగా నది యొడ్డుననే పోవును. దానికి రెండు గంటలకు పైగా పట్టును. బింగెన్, కోబ్లెంజ్‌ల నడుమ నున్న లోయను 2002లో యునెస్కోవారు ప్రపంచవారసత్వముగా ప్రకటించిరి. ఇరుప్రక్కల కొండలపై కోటలు, ద్రాక్షతోటలు, కౌబ్ అను ఊరివద్ద నది నడుమ దీవిపై రాతికోట, దానికి దిగువన 132 మీటర్ల ఎత్తైన లోరెలై కొండ. పిల్లలకు చూపదగినవన్నియు ఆ దారిననే యున్నవి. అయినను విమానము దిగిన దినమున ఆ దారిని పట్టవద్దు. అలసిన కన్నులకు కోటలు కనబడవు. తిరిగి విమానమెక్కబోవునాడును పట్టవద్దు, ఆలస్యమునకు చోటులేని దినమది. నడుమ నొక సెలవుదినమున, కొలోన్‌లో ఉదయము ఫలహారము చేసి బయలుదేరి, పోవునపుడు ఎడమప్రక్క కిటికీలవద్ద కూర్చున్నచో నది అటే యుండును. బింగెన్‌లో దిగి, ఒడ్డున పిల్లలను ఆడించి, సాయంకాలపు రైలులో ఇల్లు చేరవచ్చును.